చెడ్డ వార్తల నడుమ భవిష్యత్తు మీద నమ్మకం నిలుపుకోవడానికి నిజమైన ఆధారాలు ఏమున్నాయి?

ప్రశ్న – హనుమకొండ అధ్యాపకురాలు

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. నేను ఒక జూనియర్ కళాశాలలో తెలుగు చెబుతాను. కొంతకాలంగా మనసులో నలుగుతున్న ఒక విషయాన్ని మీ ముందు పెడుతున్నాను. అనుభవం ఉన్నవారు తీరిక చేసుకుని జవాబివ్వగలరని ఆశిస్తున్నాను.

కోవిడ్ రెండో విడత రోజుల్లో వార్తల కోసం క్షణక్షణం ఫోను చూసే అలవాటు ఇంటిల్లిపాదికీ పట్టుకుంది. ఆ జబ్బు తగ్గుముఖం పట్టినా అలవాటు మాత్రం మిగిలిపోయింది. ఆ తరువాత ఉక్రెయిన్, ఆపైన గాజా, మధ్యలో వరదలు, వడగాలులు, ఉద్యోగాల కోతలు, పరీక్ష పేపర్ల లీకేజీలు. ఒకదాని తడి ఆరకముందే మరొకటి వచ్చి పడుతోంది. పదవీ విరమణ చేసిన మా నాన్నగారు పొద్దున్న కాఫీతో మొదలుపెట్టి రాత్రి పడుకునే దాకా వార్తా చానళ్ల ముందే కూర్చుంటారు. ఏ సంగతి మొదలుపెట్టినా చివరికి ఆయన అనే మాట ఒక్కటే: "ఇంకేం మిగిలిందమ్మా లోకంలో!" ఆయనను విసుక్కునే అర్హత నాకు లేదు, ఎందుకంటే అర్ధరాత్రి మెలకువ వస్తే నా చెయ్యి కూడా ఫోను మీదికే పోతుంది.

నన్ను నిజంగా కలవరపెట్టింది మాత్రం పిల్లల రాతలు. ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థులకు "2047లో మా ఊరు" అన్న అంశం మీద వ్యాసం రాయమని చెప్పాను. మామూలుగా ఇలాంటి అంశం ఇస్తే ఎగిరే కార్లు, అద్దాల మేడలు కనిపిస్తాయి. ఈసారి ఎక్కువ మంది చెరువు ఎండిపోయి ఉంటుందనీ, పనులన్నీ యంత్రాలే చేస్తాయి కనుక తమకు కొలువులు ఉండవనీ, ఊరు ఖాళీ అయిపోతుందనీ రాశారు. చక్కని దస్తూరి గల ఒక అమ్మాయి సగం పేజీ రాసి, చివరన "అప్పటికి ఉంటే చూద్దాం" అని ముగించింది. ఆ వాక్యానికి ఎన్ని మార్కులు వేయాలో నాకు తోచలేదు.

వార్తలు చూడటం మానేయమని కొందరు సలహా ఇస్తున్నారు. పక్కవాడి కష్టం తెలుసుకోకుండా తలుపు మూసుకోవడం నాకు తప్పుగా తోస్తుంది. చూస్తూనే ఉంటే కాళ్లూ చేతులూ ఆడవు. "అంతా మంచే జరుగుతుంది" అనే ఓదార్పు నాకు అక్కర్లేదు. పదిహేడేళ్ల పిల్ల ఎదురు ప్రశ్న వేసినా నిలబడగలిగిన ఆధారం కావాలి. అలాంటివి మీ వృత్తుల్లో, మీ ప్రాంతాల్లో మీరు కళ్లారా చూసి ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు – విశ్రాంత ఉపసంపాదకుడు, విజయనగరం

అమ్మా, నమస్కారం. పనిచేసినంత కాలం తెలుగు దినపత్రికల డెస్కుల్లోనే ఉన్నాను కనుక వార్త ఎలా పుడుతుందో ముందు చెప్పనివ్వండి. జిల్లా ఎడిషన్ డెస్కులో చీకటి పడే వేళకు మండలాల నుంచి కంట్రిబ్యూటర్లు, అంటే స్థానిక విలేఖరులు, పంపిన కాపీ కుప్పగా వచ్చి పడుతుంది. రోడ్డు ప్రమాదం, కత్తిపోట్లు, పురుగుమందు తాగిన రైతు, కూలిన గోడ. వాటిలో ఏది బ్యానరు, ఏది లోపలి పేజీ అన్నది తేల్చడానికి మాకు దొరికేది చాలా కొద్ది సమయం. ఆ సమయంలో మేము వేసుకునే ప్రశ్న "ఈ రోజు ఏం జరిగింది?" అన్నది ఒక్కటే. కాబట్టి ఒకే రోజున జరిగేది ఏదైనా మా కంట పడుతుంది. ఇరవై ఏళ్లపాటు కొద్దికొద్దిగా జరిగేది, అది మంచైనా చెడైనా, మా వల నుంచి జారిపోతుంది.

దీనికి ఒక ఉదాహరణ చెబుతాను. 2001-03 నాటి నమూనా నమోదు లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష సజీవ జననాలకు 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 లెక్కలకు వచ్చేసరికి ఆ సంఖ్య ఆంధ్రప్రదేశ్‌లో 45కు, తెలంగాణలో 43కు దిగింది. కాన్పు కోసం ఆసుపత్రికి వెళ్లడం మామూలు విషయం కావడం, 2005లో 108 అంబులెన్సులు రావడం, అదే ఏడు జననీ సురక్ష పథకం మొదలుకావడం, ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి ఐరన్ మాత్రలు మింగించడం, రక్తం దొరికే ఏర్పాటు మెరుగుపడటం, ఇవన్నీ కలిసి ఆ పని చేశాయి. ఇంత పెద్ద సంగతి ఏ పత్రికలోనూ బ్యానరుగా రాలేదు, ఎందుకంటే అది జరిగిన రోజు అంటూ ఒకటి లేదు. ఆ రాత్రి క్షేమంగా కాన్పు అయిన తల్లి గురించి ఏ కంట్రిబ్యూటరూ ఫోను చేయడు.

అయితే ఇక్కడితో ఆగి "చూశారా, లోకం బాగానే ఉంది, పత్రికలే బూచి చూపిస్తున్నాయి" అనడం నాకు నచ్చదు. ఏజెన్సీలో గర్భిణిని డోలీ కట్టి కొండ దింపుతున్న ఫొటో ఇప్పటికీ మొదటి పేజీలో వస్తుంది, రావాలి కూడా. పైన చెప్పిన అంకెలు తగ్గడంలో అలాంటి ఫొటోలకు వాటా ఉంది. మా పక్క శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతే చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో జీడితోటల మధ్య బతికే కుటుంబాలను కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి తినేస్తుంటే, విసుగు లేకుండా రాస్తూ వచ్చింది స్థానిక విలేఖరులే. ఆ రాతల ఒత్తిడితో డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. హిరమండలం జలాశయం నుంచి మంచినీటి పథకం వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ వ్యాధుల పరిశోధన కేంద్రమూ రెండు వందల పడకల ఆసుపత్రీ ప్రారంభమయ్యాయి. జబ్బుకు మూలకారణం నేటికీ పూర్తిగా తేలలేదు, మనుషులు ఇంకా చనిపోతున్నారు. అయినా ఆ చెడ్డవార్త రాయకపోయి ఉంటే ఈ మాత్రం కూడా జరిగేది కాదు.

కాబట్టి మీ నాన్నగారికి నేను చెప్పేది వార్తలు మానమని కాదు, చానల్ కట్టేసి పత్రిక చదవమని. చానల్ ఒకే దృశ్యాన్ని పొద్దుటినుంచి రాత్రి వరకు తిప్పితిప్పి చూపిస్తుంది. ఒక ప్రమాదం చూసేవాడి మనసులో వంద ప్రమాదాలవుతుంది. పత్రికలో అది ఒక్కసారే వస్తుంది. ఆపైన ఏదో ఒక విషయాన్ని పట్టుకుని దాని ముందువెనుకలు నెలల తరబడి అనుసరించమనండి. ఉద్దానం కావచ్చు, మీ వైపు ఏదైనా చెరువు కావచ్చు. ఘటన జరిగిన నాటి హడావుడి కన్నా ఆరు నెలల తరువాత లోపలి పేజీలో వచ్చే చిన్న వార్తలో ఎక్కువ సమాచారం ఉంటుంది. దురదృష్టం ఏమిటంటే దాన్ని చదివేవారు తక్కువ.

జవాబు – విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకుడు, కర్నూలు

అధ్యాపకురాలి గారికి నమస్కారం. మీ విద్యార్థుల్లో ఎవరినైనా నారికురుపు అంటే ఏమిటో అడిగి చూడండి. తెలియదంటారు. వాళ్ల తాతమ్మలను అడిగితే కొందరైనా కాలి మీది మచ్చ చూపిస్తారు.

దిగుడు బావుల్లో నీళ్లు తాగిన ఊళ్లలో అది ఉండేది. నీటిలోని కంటికి ఆనని పురుగుల ద్వారా లార్వా కడుపులోకి వెళ్లి, ఏడాది తరువాత రెండు మూడు అడుగుల పొడవున్న దారంలాంటి పురుగుగా మారి, కాలి చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చేది. దాన్ని ఒక్కసారిగా లాగితే తెగిపోయి పుండు పెద్దదవుతుంది. అందుకని పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెంగా బయటికి తీసేవారు. అది సరిగ్గా వ్యవసాయ పనుల వేళకు మంచాన పడేసేది కనుక కుటుంబం ఆ ఏటి కూలి మొత్తం పోగొట్టుకునేది. చల్లదనం కోసం రోగి ఆ కాలిని మళ్లీ అదే బావిలో పెడితే లార్వాలు నీటిలో కలిసి చక్రం మొదటికి వచ్చేది.

ఈ జబ్బుకు టీకా లేదు, మందూ లేదు. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాల్లో 1980లలో మొదలైన నిర్మూలన కార్యక్రమం చేసిన పనులన్నీ చాలా మామూలువి. దిగుడు బావులకు మెట్లు మూసి చేదబావులుగా మార్చడం, చేతి పంపులు వేయడం, నీటిని గుడ్డతో వడకట్టుకోమని ఇంటింటికీ తిరిగి చెప్పడం, బావుల్లో ఆ నీటి పురుగులను చంపే మందు కలపడం, కురుపు వచ్చినవారి వివరాలు రాసుకుని వాళ్లను నీళ్లలోకి దిగకుండా చూడటం. ఊళ్లో వాళ్లు మమ్మల్ని చూసి నవ్వేవారు. గుడ్డతో వడకడితే అమ్మవారి శాపం పోతుందా అని అడిగేవారు. దేశంలో ఆఖరి రోగి 1996లో రాజస్థాన్‌లో కనిపించాడు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని నారికురుపు లేని దేశంగా ధ్రువీకరించింది. 1986 ప్రాంతంలో ప్రపంచం మొత్తం మీద ఏటా ముప్పై అయిదు లక్షల మందికి ఈ జబ్బు సోకేదని అంచనా. 2023లో నమోదైనవి 14.

మీ పిల్లలకు ఆధారం కావాలన్నారు. ఏ మందూ కనిపెట్టకుండానే పోయిన జబ్బు ఇది.

జవాబు – విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి, దివిసీమ

అమ్మా, పై ఇద్దరూ చెప్పినది చదివాక నా వంతు కూడా రాయాలనిపించింది. మాది కృష్ణ సముద్రంలో కలిసే చోటు. 1977 నవంబరు 19 శనివారం నాటి ఉప్పెన మా సీమలో ప్రతి ఇంటినీ తాకింది. అయిదారు మీటర్ల ఎత్తున సముద్రం లోపలికి వచ్చిందని లెక్కలు చెబుతాయి. చూసినవాళ్లు మాత్రం తాటిచెట్టంత అల అనే చెబుతారు. అధికార లెక్కల ప్రకారమే పది వేల మంది దాకా పోయారు. అసలు సంఖ్య అంతకు ఎంతో ఎక్కువని మా వైపు అందరి నమ్మకం. రేడియోలో తుపాను హెచ్చరిక విన్నవారు ఉన్నారు. కాని ఏ ఊరికి ఎంత నీరు వస్తుందో చెప్పగల ఏర్పాటు లేదు. చెప్పినా తలదాచుకోవడానికి పక్కా భవనం లేదు, ఉన్నా అక్కడికి పోవడానికి రోడ్డు లేదు.

పదమూడేళ్లు తిరగకుండానే, 1990 మే 9న, దాదాపు అంతే బలమైన తుపాను మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. అప్పటికి నేను ఉద్యోగంలో ఉన్నాను. ఈసారి చనిపోయినవారు వెయ్యికి లోపు. అది చిన్న సంఖ్య అని ఎవరూ అనరు, కాని అదే తీరం, అదే గాలి, అదే సముద్రం. మధ్యలో మారినవి వేరు. ఇన్సాట్ ఉపగ్రహం పైనుంచి తుపాను కదలికను చూపిస్తోంది. తీరం వెంట స్తంభాల మీద కట్టిన షెల్టర్లు లేచాయి. కలెక్టరు దగ్గరి నుంచి గ్రామ సేవకుడి దాకా ఎవరు ఏ ఊరికి పోవాలో కాగితం మీద ముందే రాసి ఉంది. లక్షన్నర మంది దాకా ముందుగానే తరలించగలిగాం.

తరలించడం అన్న మాట రాసినంత సులువు కాదు. ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు ఇల్లు వదిలి రమ్మంటే ఎవరు వస్తారు? "గేదెను వదిలి నేను రాను" అని గుంజ పట్టుకుని కూర్చున్న ముసలమ్మ ప్రతి ఊరిలోనూ ఒకరుంటారు. సామానుకు కాపలా ఎవరని మగవాళ్లు అడుగుతారు. ఆడవాళ్లు నోరు విప్పి చెప్పరు కాని, షెల్టరులో మరుగుదొడ్డి లేకపోవడమే వాళ్లు వెనకాడటానికి అసలు కారణమని మాకు ఆలస్యంగా అర్థమైంది. క్రమంగా ఒక్కొక్కటీ నేర్చుకున్నాం. పశువుల తాళ్లు విప్పి వదిలేయమని ముందే దండోరా వేయించడం, జనం రాకముందే షెల్టరులో పొయ్యి వెలిగించి వంట మొదలుపెట్టడం, రేషన్ కార్డూ పట్టా కాగితాలూ ప్లాస్టిక్ కవరులో చుట్టి వెంట తెచ్చుకోమనడం, ఇవేవీ ఏ పెద్ద నివేదికలోనూ కనిపించవు. అయినా ప్రాణాలు నిలబెట్టినవాటిలో ఇవీ ఉన్నాయి.

ఆ దారి సాఫీగా సాగిందని అనుకోవద్దు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను కొట్టిన తుపానులో మళ్లీ వెయ్యి మందికి పైగా పోయారు, వేటకు వెళ్లిన మత్స్యకారులు ఎంతో మంది తిరిగి రాలేదు. నడి సముద్రంలో ఉన్న పడవకు కబురు అందించే మార్గం అప్పుడు లేదు. ఆ లోటు పూడ్చడానికి మరికొన్ని ఏళ్లు పట్టింది. ఇప్పుడు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇచ్చే హెచ్చరిక మా పాలకాయతిప్ప కుర్రాడి ఫోనులో మోగుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ నేరుగా విశాఖపట్నం మీదికే వచ్చి నగరాన్ని గుర్తుపట్టలేకుండా చేసినా మరణాలు పదుల్లోనే ఆగాయి. ఒడిశాలో 1999 తుపాను పది వేల మంది దాకా బలిగొంటే, 2013లో ఫైలిన్ వచ్చేనాటికి పది లక్షల మందిని ముందే తరలించి మరణాలను యాభై లోపు ఆపగలిగారు. బంగ్లాదేశ్ కథ ఇంకా పెద్దది. 1970లో అక్కడ పోయినవారు మూడు లక్షలకు పైనే, 2020 నాటి అంఫన్‌లో పదుల్లో.

మీ ప్రశ్నకు నా జవాబు ఇందులోనే ఉంది. 1978లో షెల్టర్ల కోసం స్థలాలు వెతికినవాళ్లు ఆశతో ఉప్పొంగుతూ ఆ పని చేయలేదు. శవాలను పూడ్చిన చేతులతోనే ఫైళ్లు పట్టుకున్నారు. వాళ్లలో చాలామందికి నిరాశే ఎక్కువ. అయినా పునాదులు తవ్వారు. భవిష్యత్తు ఎలా ఉంటుందో ముందే తేలితేనే మనం కదలాలన్న నియమం పెట్టుకోకపోతే మీ నాన్నగారి ప్రశ్నకు పదును తగ్గుతుంది.

జవాబు – బాపట్ల వైపు కౌలు రైతు కొడుకు

పెద్దలు ఏమీ అనుకోనంటే ఒక మాట. పై జవాబులన్నీ గౌరవంతో చదివాను. తుపానులో మా ఊరి వాళ్లెవరూ చనిపోలేదన్న మాట నిజం, అందుకు కారణమైన వాళ్లకు దండం పెడతాను. కాని 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను మా బాపట్ల దగ్గరే తీరం దాటిన రోజున చేలో కోసిన వరి పనల మీద ఉంది. నీళ్లు తీసేలోపు కంకుల్లో గింజ మొలకెత్తింది. ఆరబెట్టి అమ్మడానికి తీసుకువెళితే రంగు మారిందన్నారు, తేమ పదిహేడు శాతం దాటిందన్నారు. ప్రాణాలు దక్కాయి సరే, ఏడాదంతా బతకడానికి మాకు దక్కిందేమిటి?

మా నాన్న సాగు చేసే భూమి ఆయనది కాదు. భూమి గల ఆసామి హైదరాబాద్‌లో ఉంటాడు. 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకు సాగుదారు హక్కు కార్డు ఇవ్వాలంటే ఆసామి సమ్మతి కావాలి. సంతకం పెడితే భూమి పోతుందన్న భయంతో ఆయన పెట్టడు. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు లేదు, నష్టపోతే వచ్చే పెట్టుబడి రాయితీ కూడా రికార్డులో పేరున్నవాడి ఖాతాలోకే పోతుంది. కౌలు మాత్రం ముందే కట్టేశాం. మా ఇంట్లో నిరాశ టీవీ చూసి వచ్చింది కాదు.

ఇంకొకటి. బంగాళాఖాతం వేడెక్కుతోంది, తుపానులు చూస్తుండగానే బలం పుంజుకుంటున్నాయి. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో జనం రోజుల తరబడి మేడల మీదే చిక్కుకుపోయారు. గడిచిన నలభై ఏళ్ల లెక్క రాబోయే నలభై ఏళ్లకు హామీ ఎలా అవుతుంది? అధ్యాపకురాలి గారి విద్యార్థిని "ఉంటే చూద్దాం" అని రాసిందంటే ఆ పిల్లకు లోకజ్ఞానం లేక కాదు. ఆ వాక్యానికి పూర్తి మార్కులు వేయండి మేడమ్.

ప్రశ్న అడిగినవారు – హనుమకొండ అధ్యాపకురాలు

అందరికీ కృతజ్ఞతలు. బాపట్ల సోదరుడి మాట నన్ను ఎక్కువసేపు ఆపింది. నారికురుపు గురించి క్లాసులో అడిగాను. ఒక్కరికీ తెలియలేదు, కాని మరుసటి రోజు ఒక అబ్బాయి తమ నాయనమ్మకు ఆ మచ్చ ఉందని ఉత్సాహంగా చెప్పాడు. పోయిన కష్టాల జాబితా పిల్లలకు ఆసక్తిగానే ఉంది. అయితే ఉన్న కష్టాన్ని చూపించి "దీనికేం చెబుతారు" అని అడిగేవారికి ఆ జాబితా జవాబు కాదని నాకూ అనిపిస్తోంది. దివిసీమ పెద్దాయన రెవెన్యూ శాఖలో పనిచేశారు కనుక, వీలైతే ఆ సోదరుడికి సూటిగా జవాబివ్వమని కోరుతున్నాను.

జవాబు – విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి, దివిసీమ

బాబూ, నీ కోపంలో తప్పు లేదు. ప్రాణనష్టం తగ్గినంతగా పంటనష్టం తగ్గలేదు. గడిచిన లెక్క రాబోయేదానికి హామీ కాదన్నది కూడా ఒప్పుకోవలసిన మాటే. సముద్రం సంగతిలో నేను నీకు ధైర్యం చెప్పలేను. వంగడాల విషయంలో మాత్రం కొంత పని జరిగింది. మన మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ రకంలోకి, ఒడిశా రైతుల పాత నాటు వరి నుంచి తీసిన ముంపు తట్టుకునే గుణాన్ని చేర్చి, 2009లో స్వర్ణ సబ్-1 విడుదల చేశారు. అది నాటిన చేను రెండు వారాల దాకా నీట మునిగినా మళ్లీ లేస్తుంది. కోసి పనల మీద ఉన్న పంటను అది కాపాడదు. నీకు జరిగిన నష్టానికి అది మందు కాదని తెలిసే చెబుతున్నాను.

కార్డు సంగతి వేరు, అది మనుషులు రాసిన నిబంధన. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన అధీకృత సాగుదారుల చట్టంలో రుణ అర్హత కార్డుకు ఆసామి సంతకం అవసరం ఉండేది కాదు. గ్రామసభ పెట్టి, సాగు ఎవరు చేస్తున్నారో విచారించి కార్డు ఇచ్చేవాళ్లం. అమలులో ఎన్ని లోపాలున్నా, బ్యాంకులు ఎంత మొండికేసినా, లక్షల మంది చేతికి కార్డులు వచ్చాయి. సంతకం షరతు తరువాత వచ్చింది. ఒకసారి లేకుండా నడిచిన షరతు కనుక తీసివేయడం కుదరదని ఎవరూ అనలేరు. కౌలు రైతు సంఘాల వాళ్లు ఆ కోరిక మీదే పోరాడుతున్నారు. నువ్వు చదువుకున్నవాడివి కనుక వాళ్లతో కలువు.

ఈలోగా చేయగలిగింది ఒకటుంది. ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాసుకునే ఈ-పంట నమోదు జరిగేటప్పుడు సాగుదారు గడిలో మీ నాన్నగారి పేరు రాయించు. భూమి యజమాని పేరు వేరే గడిలో ఉంటుంది, కనుక రెంటికీ పోటీ లేదు. ఆ తరువాత సామాజిక తనిఖీ కోసం రైతు సేవా కేంద్రంలో జాబితా అంటిస్తారు. దాన్ని ఫోనులో ఫొటో తీసి పెట్టుకో. పేరు తప్పుపడితే గడువు లోపలే రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, రసీదు తీసుకో. నోటిమాటగా చెప్పి వదిలేస్తే తుపాను వచ్చాక ఎవరికీ గుర్తుండదు. మీ ఊళ్లో ఇదే ఇబ్బంది ఉన్న మిగతా కౌలు రైతులను కూడా కూర్చోబెట్టు, పదిమంది కలిసి ఇచ్చిన అర్జీకి ఉండే బరువు వేరు. దాని నమూనా రేపు సాయంత్రానికి ఇక్కడే రాసి పెడతాను. మీ మండలం పేరూ సర్వే నంబర్లూ మాత్రం ఇక్కడ అందరి ముందు రాయవద్దు.